మూసీ యొడ్డున శిశుపక్షవాతము

గ్రామపెద్దలారా! శిశుపక్షవాతమను మాట వినినంతనే మీలో ప్రతివారికిని ఎవరో యొకరు జ్ఞప్తికి వచ్చియుందురు. ఒక కాలు సన్నగిల్లి, తొడపై చేయి యూది, ప్రక్కకొరగి నడచు మనుష్యుడు మన వాడలలో ఉండకపోడు. అతని వయస్సెంతయో యొకసారి యెంచి చూడుడు. నలువదియో, ఏబదియో, అంతకు పైబడినదో యగును గాని, నేడు బడికి పోవు బాలురలో అట్టివాడు మీకు కానరాడు. ఒక్క తరములో ఇంత మార్పు ఎట్లు కలిగెను? ఆ వ్యాధి పోయినదని అందఱును నిశ్చింతగా నున్న 2016వ సంవత్సరపు వేసవిలో, మా ఊరి ప్రక్కనేయున్న అంబరుపేట మురుగునీటిలో దాని బీజము మఱల నెట్లు కనబడెను? ఈ రెండు సంగతులను గూర్చి నాకు తెలిసినంతవఱకు విన్నవింతును.

నాది ఉప్పలు. నా బాల్యమున, 1960 దశకములో, ఉప్పలును నాచారమును నగరమునకు వెలుపలి పల్లెలు. చెఱువులు, జొన్నచేలు, ద్రాక్షతోటలు మా కన్నులయెదుట నుండెడివి. పిదప నాచారమున కర్మాగారములు లేచినవి. ఉప్పలు పురపాలక సంఘమై, 2007లో మహానగరమున కలిసిపోయినది. ఎన్ని మాఱినను భూమి పల్లము మాత్రము మాఱలేదు. నగరమున వాడి విడిచిన నీరు తూర్పునకే పాఱును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొనిన వృత్తాంతము మీరు పెద్దలవలన వినియే యుందురు. ఆ వఱద పిమ్మట నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, నది కెగువను జలాశయములకును, నగరమునకు మురుగుకాలువలకును పథకములు వేయించిరి. నేడు ఆ మురుగులో పెద్దభాగము శుద్ధి యగు స్థలము అంబరుపేట. అచ్చటినుండి మూసీ రామంతపురమును ఉప్పలును ఎడమచేతి వైపున నుంచుకొని, నాగోలు వంతెన క్రిందుగా సాగి, ఎన్నో పల్లెల వరిమళ్లకు గడ్డిచేలకు నీరై, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. కావున నగరపు కాలువలో నేమి యున్నదను ప్రశ్న నగరవాసులకు మాత్రమే సంబంధించినది కాదు.

ఇక వ్యాధి సంగతి. మా యింటికి రెండిండ్ల యవతల నా యీడు బాలు డొకడుండెను. వానికి రెండేండ్ల ప్రాయమున జ్వరము వచ్చినదట. రెండు రాత్రులు తగ్గకపోగా, తల్లి వానిని భుజమున వేసికొని ఒక వైద్యుని యొద్దకు పోయినది. ఆయన పిఱుదున ఒక సూదిమందు వేసెను. మఱునాడు తెల్లవాఱి బిడ్డను నిలువబెట్టగా ఒక కాలు గుడ్డపీలికవలె జాఱిపోయినది. ఆ యమ్మ జీవించినంతకాలము "సూది పడి కాలు పోయింది, నేనే ఎత్తుకపోయి పొడిపిస్తిని" అని యేడ్చుచుండెను. ఆమెను ఓదార్చుటకు చదువుకొనిన వారు, "అది సూదివలన కాదు, నీ వెఱుగవు" అని చెప్పుచుండిరి. నేనును పెద్దవాడనైన పిదప అట్లే చెప్పితిని. ఆ మాట పూర్తిగా నిజము కాదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

నేను సంస్కృత పాఠశాలలో చదువు దినములలో మా గురువుగారు మాధవనిదానమునుండి వాతవ్యాధుల ప్రకరణము చెప్పియుండిరి. కటిప్రదేశమున చేరిన వాయువు తొడలోని కండరమును లాగివేసినచో మనుష్యుడు ఖంజుడగునని, రెండు తొడలును చెడినచో పంగువగునని అందు కలదు. కాలు చెడినను మూలము కాలిలో లేదు, పైన నడుమునం దున్నదని వారు తలచుట గమనింపదగినది. అంతమాత్రమున మన పూర్వులకు వైరసు తెలియునని వాదించు వారితో నేను ఏకీభవింపను. వారు కన్నులతో చూచినదానిని చక్కగా చూచిరి. కంటికి కనబడనిదానిని ఊహించిరి. ఆ రెంటిని కలిపి చెప్పుట వారికి గౌరవము కాదు.

ఐరోపాఖండమున 1840లో హైనే యను జర్మను వైద్యుడు ఈ రోగమును మొట్టమొదట ప్రత్యేకముగా వర్ణించి, దీని స్థానము వెన్నుపాము కావచ్చునని యూహించెను. వియన్నా నగరమున లాండ్‌స్టెయినరు, పాపరు అను నిద్దఱు ఇది వైరసువలన కలుగునని 1908లో నిరూపించిరి. మూసీ పొంగిన సంవత్సరము, వ్యాధిబీజము తెలిసిన సంవత్సరము ఒక్కటే యగుట కేవలము కాకతాళీయము. అయినను మూసీ యొడ్డువాడనగుటచేత నాకా సంవత్సరము మఱపునకు రాదు.

ఈ వైరసు నోటిద్వారా ప్రవేశించి ప్రేగులలో వృద్ధిపొందును. బిడ్డ మలముతో వెలువడి, నీటిద్వారా, మాసిన చేతులద్వారా ఇంకొక బిడ్డ నోటిని చేరును. ఇది సోకిన బిడ్డలలో పెక్కుమందికి ఏమియు కాదు. కొందఱికి కొద్దిపాటి జ్వరము వచ్చి పోవును. సుమారు 200 మందిలో ఒక్కనికి మాత్రము అది రక్తమునుండి నాడీమండలమున చొచ్చి, వెన్నుపాములో ముందువైపున నుండి కండరములను ఆడించు కణములను చంపును. చచ్చిన కణము మఱల పుట్టదు. కావున సత్తువ తప్పిన కాలు అట్లే మిగిలిపోవును. స్పర్శ మాత్రము చెడదు. ఊపిరి తీయు కండరములకు పాకినచో ప్రాణమునకే ముప్పు. పక్షవాతము కలిగిన వారిలో నూటికి అయిదుగురు మొదలు పదిమంది వఱకు ఇట్లు మరణింతురని లెక్క.

ఇప్పుడు ఆ తల్లి మాటకు వత్తము. 1949, 1950 ప్రాంతమున ఇంగ్లండులోను ఆస్ట్రేలియాలోను వైద్యులు ఒక వింత గమనించిరి. వ్యాధి ప్రబలియున్న దినములలో, ఏ చేతికి లేక ఏ కాలికి సూదిమందు వేసిరో, కొందఱు బిడ్డలకు ఆ యవయవమే పడిపోవుచుండెను. బిడ్డ రక్తమున వైరసు అప్పటికే యున్నచో, సూదివలన గాయపడిన కండరమునుండి నాడిని పట్టుకొని అది వెన్నుపామునకు సులభముగా పైకెక్కునని తరువాత తెలిసినది. ఎలుకలపై చేసిన పరీక్షలతో 1998లో ఇది స్పష్టముగా రుజువైనది. జ్వరమునకెల్ల సూది వేయుట మన దేశమున మిక్కిలిగా నుండెను గాన, ఇట్లు నష్టపోయిన బిడ్డలును మిక్కిలిగానే యుండిరి. వైరసు లేనిదే సూది ఈ వ్యాధిని కలిగింపజాలదు. కాని సూది లేకున్నచో ఆ బాలుని కాలు దక్కియుండునేమో! చదువురాని ఆ యమ్మ చూపు తప్పు కాదు. ఆమెను సవరింపబోయిన మా చదువే కొంత తక్కువయైనది. ఈ మాట నే నామెకు చెప్పజాలనైతిని. అప్పటికే ఆమె గతించినది.

టీకాలు రెండు విధములు. అమెరికాలో సాల్కు అను నాయన వైరసును చంపి చేసిన సూదిమందు పనిచేయునని 1955 ఏప్రిల్ 12న ప్రకటించిరి. సేబిను అను నాయన వైరసును చంపక, నిస్సారమొనర్చి, నోట వేయు చుక్కలమందుగా చేసెను. మన దేశము చుక్కలను ఎంచుకొనుటకు కారణములు సులభముగానే యూహింపవచ్చును. సూదులు పెట్టువారు అక్కఱలేదు, వెల తక్కువ, రెండు చుక్కలు నోట వేసినచో చాలును. ఇంకొక గుణము కూడ కలదు. చుక్కలు త్రాగిన బిడ్డ ప్రేగులనుండి ఆ నీరసపు వైరసు వెలువడి, చుట్టుప్రక్కల త్రాగని బిడ్డలకు కూడ సోకి, వారికిని కొంత రక్షణ నిచ్చును. ఒకనికి పెట్టిన భోజనము పొరుగువాని ఆకలిని తీర్చినట్లు! అయితే ఈ గుణమునందే ఒక చిక్కు కలదు. దానిని ముందు చెప్పుదును.

మన దేశమున జాతీయముగా పల్సుపోలియో మొదలైనది 1995 డిసెంబరు 9న. రెండవ దినము 1996 జనవరి 20. ఉపాధ్యాయులను, అంగనవాడీ కార్యకర్తలను, ఆరోగ్యకార్యకర్తలను ఊరూరను పిలిచి నిలిపిరి. నేనును ఉప్పలులో ఎన్నో సారులు కూర్చుంటిని. మంచుగడ్డలు నింపిన పెట్టెలో మందుబుడ్లు వచ్చెడివి. కొంతకాలమునకు బుడ్డిమీద ఒక వృత్తము, అందులో ఒక చిన్న చతురస్రము ముద్రించుట మొదలైనది. ఎండకు మందు చెడినకొలది ఆ చతురస్రము నలుపెక్కును. వృత్తమంత నల్లనైనచో ఆ బుడ్డిని పాఱవేయవలెను. చదువురాని ఆయా సైతము దానిని చూచి మందు పనికివచ్చునో రాదో చెప్పగలిగెడిది. ఇంతకన్న మేలైన పాఠ్యచిత్రమును నా ఉద్యోగకాలమున నేను చూడలేదు. చుక్కలు వేసిన బిడ్డ ఎడమచేతి చిటికెనవ్రేలికి సిరా గుర్తు పెట్టెడివారము.

మఱునాడు ఇల్లిల్లు తిరుగుట. ఆ యింటి బిడ్డలందఱికిని చుక్కలు పడినచో గోడమీద సుద్దతో 'పీ' అను ఆంగ్లాక్షరము వ్రాయవలెను. ఒక్కడైన మిగిలినచో 'ఎక్సు' గుర్తు వేసి, మఱల రావలెను. ఒకసారి నాచారము దిక్కున కూలివారు కాపురముండు ఒక వీధిలో, "ఇంట పిల్లలు లేరయ్యా" అని ఒక ముసలమ్మ చెప్పగా నమ్మి, 'పీ' వ్రాసి వచ్చితిని. ఎండ మిక్కుటముగా నుండెను. లోపలికి తొంగిచూచు ఓపిక లేకపోయెను. వారము దినములకు ఏదో పనిమీద ఆ వీధిన పోవుచు, ఆ యింటనే ఉయ్యాలలో చంటిబిడ్డను చూచితిని. వాని చిటికెనవ్రేలు తెల్లగా నుండెను. మందువలన బిడ్డలు పుట్టకపోవుదురని ఎవరో చెప్పగా భయపడి దాచిరట. నేను వెంటనే పోయి కార్యకర్తను పిలుచుకొని వచ్చితిని గాని, నా చేతి సుద్దగీత ఆ గోడమీద ఏడు దినములు అబద్ధమాడినది. అట్లు మిగిలిపోయిన బిడ్డ ఒక్కడైనచో చింత లేదు. వీధినిండ మిగిలినచో ఏమగునో ఇప్పుడు చెప్పబోవుచున్నాను.

దేశమంతట 2009లో కూడ 741 మంది బిడ్డలు ఈ వ్యాధిన పడిరి. 2010లో 42. 2011 జనవరి 13న బెంగాలులోని హౌరా ప్రాంతమున ఒక బాలికకు వచ్చినదే కడపటిది. 2014 మార్చి 27న ప్రపంచారోగ్యసంస్థవారు మన ప్రాంతమునకు పోలియో లేదని ధ్రువపత్ర మొసగిరి. అప్పటికే కాళ్లు పోగొట్టుకొనిన వారికి ఆ పత్రమువలన ఒరిగినదేమియు లేదు. వారికొఱకు శస్త్రచికిత్సలతో శ్రమించిన వారిలో విశాఖపట్టణపు డాక్టరు సుంకర వెంకట ఆదినారాయణరావుగారు ఒకరు. 2022లో వారికి పద్మశ్రీ లభించినది.

వైరసులో మూడు రకములు కలవు. చుక్కలమందులోను మూడింటిని కలిపెడివారు. రెండవరకపు సహజవైరసు 1999 తరువాత లోకమున ఎచ్చటను కనబడలేదు. అది నశించినదని 2015లో ప్రకటించిరి. లేని శత్రువుకొఱకు బ్రతికియున్న మందును బిడ్డలకు వేయుట ఎందులకు? పైగా అందు ఒక అపాయము కలదు. ఆ చిక్కు నిదివఱకే సూచించితిని. చుక్కలలోని నీరసపు వైరసు, టీకాలు తక్కువగా పడిన వీధిలో ఒక బిడ్డనుండి మఱియొక బిడ్డకు, అచ్చటినుండి ఇంకొక బిడ్డకు నెలల తరబడి పాకుచు పోయినచో, క్రమక్రమముగా మాఱి, తన పూర్వపు క్రౌర్యమును మఱల పొందవచ్చును. అందఱికిని చుక్కలు పడిన వీధిలో దానికి దారి దొరకదు. నేను 'పీ' వ్రాసి వచ్చినట్టి యిండ్లు పెక్కు ఉన్నచోటనే దానికి దారి. అందుచేత 2016 ఏప్రిల్ 25న మన దేశమంతట రెండవరకమును తీసివేసి, ఒకటి మూడు రకములు మాత్రమే గల చుక్కలను వాడుట మొదలిడిరి.

సరిగా ఆ దినములలోనే హైదరాబాదు మురుగునీటినుండి పరీక్షకు తీసిన ఒక మచ్చులో, మార్పు చెందిన రెండవరకపు వైరసు కనబడినది. ఆ మచ్చు అంబరుపేటది. మురుగునీటిని పరీక్షించుటలోని యుక్తి ఏమన, కాలు పడిన ఒక్క బిడ్డ వెనుక కానరాని బిడ్డలు 200 మంది ఉందురని చెప్పితిని గదా. వారందఱును ఆరోగ్యముగా ఆడుకొనుచుందురు గాని, వారి మలము కాలువలో కలియును. కావున కాలు చెప్పుటకు ముందే కాలువ చెప్పగలదు.

కాలువ చెప్పిన మాటను ఈసారి విన్నవారుండిరి. చుట్టుప్రక్కల వెదకగా పక్షవాతము కలిగిన బిడ్డ ఒక్కడును దొరకలేదు. అయినను ఊరకుండక, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ఎంపికచేసిన ప్రాంతములలో జూన్ 20 మొదలు 26 వఱకు ఆరు వారములు మొదలు మూడేండ్ల వయస్సు గల బిడ్డలకు సూదిటీకా వేసిరి. ఉప్పలు అప్పటికి రంగారెడ్డి జిల్లాలోనిది. సూదిమందు లోకమంతట కొఱతగా నుండుటచేత, మామూలు మోతాదులో అయిదవవంతు, అనగా 0.1 మిల్లీలీటరు, కండరములో గాక చర్మములోనే వేయు పద్ధతిని అనుసరించిరి. చర్మమున వేసినచో కొద్దిమందే తగిన రక్షణ నిచ్చును. వారము దినములలో సుమారు 3,11,000 మంది బిడ్డలకు టీకా పడినది. ఇంత విస్తారముగా ఈ పద్ధతిని ఇట్టి సమయమున వాడిన తొలి అనుభవములలో ఇది యొకటి గనుక పై దేశముల వైద్యపత్రికలలోను దీనిని వ్రాసికొనిరి.

ఆ దినములలో పత్రికలు "హైదరాబాదులో పోలియో" అని పెద్ద అక్షరములతో వ్రాసినవి. పోలియో వచ్చిన బిడ్డ లేడు, వైరసు ఉన్న నీరు కలదు. ఈ రెండింటి భేదమును చెప్పుటకు పత్రికలకు ఓపిక తక్కువ. పెద్దమనుష్యులు కొందఱు నన్నడిగిన ప్రశ్న ఇంకను కఠినమైనది. "మనము వేసిన మందే రోగమై తిరిగివచ్చినదా?" అని. కాదనుట అబద్ధము. ఆ తల్లి విషయమున ఒకసారి చేసిన తప్పును మఱల చేయుటకు నాకు మనసొప్పలేదు. ఔనని చెప్పి, ఎట్లు వచ్చినదో, మందు వేయకయుండిన ఎంతమంది కాళ్లు పోయెడివో కూడ చెప్పితిని. 1988లో లోకమంతట ఏటేట మూడున్నర లక్షలమంది బిడ్డలకు ఈ వ్యాధివలన పక్షవాతము కలుగుచుండెనని లెక్క. నేడు సహజవైరసు నిలిచియున్న దేశములు పాకిస్తాను, ఆఫ్ఘనిస్తాను మాత్రమే.

ఇట్టిది ధనికదేశములలోను జరిగినది. 2022లో లండను మురుగునీటిలో ఈ రెండవరకమే కనబడగా, ఆ నగరమున ఒకటి మొదలు తొమ్మిదేండ్ల వఱకు గల బిడ్డలకెల్ల టీకా వేయ సంకల్పించిరి. అదే సంవత్సరము న్యూయార్కు రాష్ట్రమున మాత్రము టీకా పడని ఒక యువకునికి ముందు కాలు పడినది, పిమ్మట కాలువలను వెదకిరి. మూసీ యొడ్డున జరిగినది దీనికి తలక్రిందులు.

మురుగును చదువు విద్య మా ప్రాంతమున ఇంకొకసారియు అక్కఱకు వచ్చినది. ఉప్పలు రోడ్డుననున్న సీసీఎంబీ యను పరిశోధనాలయమువారు, రసాయనశాస్త్ర సంస్థవారితో కలిసి, 2020లో కరోనా ప్రబలినపుడు హైదరాబాదు మురుగునీటిని పరీక్షించి, నగరమున ఆఱు లక్షలకు పైగా జనమునకు అది సోకియుండునని అంచనా కట్టిరి. ఆసుపత్రుల లెక్కలలో అప్పటికి కనబడిన సంఖ్య అందుకు ఎంతో తక్కువ. మేము బాల్యమున ముక్కు మూసికొని దాటిన కాలువలలో ఇంత వ్రాత యున్నదని ఎవరనుకొనిరి?

2016 జూన్ నెలలో ఒక ఉదయమున ఆ నా బాల్యమిత్రుడు, కాలు పోయిన యతడు, నాకు కబురంపెను. అతడు నాచారమున దర్జీపని చేసి బిడ్డలను పెంచినవాడు. అతని కూతురు అంబరుపేటలో కాపురమున్నది. మనుమరాలికి ఏడాదిన్నర. సూది వేయింపవలెనా వలదా యని ఇంట వాదులాట జరుగుచున్నదట. ఇద్దఱము బస్సెక్కి పోతిమి. త్రోవలో అతడు చాలసేపు మాటాడలేదు. దిగునప్పుడు, "పంతులూ, మందులకెల్లే వచ్చిందంటున్నరు, నిజమేనా?" అని యడిగెను. నిజమేనని చెప్పి, తక్కినదంతయు చెప్పితిని. సూదిని గూర్చి వాని తల్లి జన్మమంతయు తలచుకొని యేడ్చినది కొంతవఱకు నిజమేననియు ఆ దినముననే చెప్పితిని. అతడు నిలిచిపోయి, చేతికఱ్ఱ నేలనూని, "మా అమ్మ ఉంటే ఈ సూది ఏయనియ్యకపోతుండె" అనెను.

పిమ్మట లోపలికి పోయి, పాపను తానే ఒడిలో కూర్చుండబెట్టుకొని, చొక్కాచేతిని పైకి మడిచెను. సూది పడినచోట చర్మముపై పెసరగింజయంత బొబ్బ లేచినది. పాప యేడ్చుచుండగా అతడు దానినే తేఱిపాఱ చూచి, "ఇంతేనా?" అని అక్కడి నర్సమ్మ నడిగెను.